తువ్వాల కింద కంది బేరం

రెండు దేశాల పెద్దమనుషులు ఆరు రోజులుగా కూర్చుని మాట్లాడుకుంటున్న గది తలుపు దగ్గర యాదయ్య నిలబడి ఉన్నాడు. రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక ముప్పై అంతస్తుల అద్దాల మేడ ఉంది కదా, అందులో తొమ్మిదో అంతస్తు. మామూలుగా అయితే ఆయన డ్యూటీ కింద గేటు దగ్గర. కారు వస్తే అడ్డకర్ర ఎత్తడం, పోతే దించడం. ఇంత పెద్దవాళ్ళు వస్తున్నారు, తలుపు దగ్గర మంచి మీసమున్న మనిషి నిలబడితే నిండుగా ఉంటుందని మేనేజరు మధు ఆయన్ని పైకి పంపించాడు.

లోపలి పంచాయతీ అంతా వ్యవసాయం గురించే. ఏ సర్కారు తన రైతుకు ఎంత సాయం చేయాలి, ఎవరి పంట ఎవరి దేశంలోకి ఎంత సుంకం కట్టి రావాలి అని. మన తరఫున ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరమ్మ ఉమాశ్రీ, ఆమె వెనక పద్నాలుగు మంది. అటు తరఫున పీటర్సన్ అనే ఎర్రటి పొడుగు దొర, ఆయన వెనక పద్నాలుగు మంది. వీళ్ళకి ఒకరు ఎక్కువైతే వాళ్ళూ ఒకరిని విమానంలో తెప్పించుకునేవారు.

మొదటి రోజంతా ఏసీ ఎంత చల్లగా ఉండాలన్నదానికే సరిపోయింది. తర్వాత రెండు రోజులు రైతు అంటే ఎవరన్నదానికి పట్టింది. విత్తేవాడా, భూమి ఉన్నవాడా, భూమి ఉండీ విత్తనివాడా, భూమి లేకుండా విత్తేవాడా? తేలక, ‘రైతు అనబడు వ్యక్తి’ అని రాసుకుని ముందుకు పోయారు. మన బిస్కెట్లలోని గోధుమకు సబ్సిడీ ఉందని వాళ్ళు ముట్టలేదు. వాళ్ళు తెచ్చిన జున్నులోని పాలకు సబ్సిడీ ఉందని మనవాళ్ళు ముట్టలేదు. ఆ వారం హౌస్‌కీపింగ్ వాళ్ళు రెండూ కడుపునిండా తిన్నారు.

అన్నీ ఎలాగో దాటి, చివరికి కందుల దగ్గర బండి దిగబడింది. వాళ్ళ దేశం కందులు మన దేశంలోకి రావాలంటే సుంకం ఎంత? ఈ ఒక్క అంకె తేలితే అయిపోయినట్టే. కానీ ఎవరు ముందుగా అంకె నోట అంటే వాళ్ళు మెత్తబడినట్టు లెక్క. పైగా కింద టీవీల వాళ్ళు కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. నోటి నుంచి అంకె జారితే లిఫ్టు కంటే ముందే అది కిందికి చేరేట్టుంది.

ఆ అంకె కోసం యాదయ్య కూడా ఎదురుచూస్తున్నాడు. తాండూరు దగ్గరి పల్లెలో ఆయన భార్య ఈరమ్మకు రెండెకరాల నల్లరేగడి ఉంది. పట్టా ఆమె పేరు మీదే. ఏటా కంది వేస్తుంది. రెండేళ్ళుగా ఏమవుతోందంటే, ఈమె పంట బస్తాల్లోకి ఎక్కే వారానికే ఎక్కడో రేవులో పరాయి కందుల ఓడ ఆగుతోంది, ధర కూలబడుతోంది. ఇంతలో ఫాంహౌస్ ప్లాట్లు వేసే కంపెనీ వాడు ఆ పొలం మీద కన్నేశాడు. మంగళవారం పొద్దున ఈరమ్మ ఫోన్ చేసింది.

“ఏమయ్యా, మిరుగు వానలు మంచిగ పడ్డయ్. నేల వెన్న లెక్కున్నది. ప్లాట్లోడు శుక్కురారం కాగితాలు పట్టుకొని వస్తనన్నడు. నువ్వు ఆ తలుపుకాడనే ఉంటివి గద, పరాయి కందులకు పన్ను ఎంత ఏస్తరో గదొక్కటి కనుక్కోరాదు. మంచిగ ఏస్తె ఇత్తుత. ఏయకుంటె సంతకం పెడ్త.”

“నన్నెవలు అడుగుతరే? నేను వాచ్‌మన్‌ను.”

“అడగకుంటె ఇనరాదా? చెవులకేమైంది నీకు?”

“ఇందామంటె వాళ్ళు మాట్లాడ్తలేరే!”

అది నిజం. బుధవారం పొద్దుటి నుంచి గదిలో చడీచప్పుడు లేదు. ముప్పై మంది బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసి పెడుతోంది, దొర తన పెన్ను మూత పెట్టి తీస్తున్నాడు. మధ్యాహ్నం దాకా తలుపు సందులోంచి చూసి చూసి యాదయ్య మీసం దువ్వుకున్నాడు. ఎందుకంటే ఈ చూపు ఆయన ఎరిగినదే. నలభై ఏళ్ళు పశువుల సంతలో దలాలుగా బతికినవాడాయన. ఎద్దు మీద మనసుండి కూడా అంకె చెప్పని మొండివాళ్ళు సరిగ్గా ఇలాగే నిలబడి చూసుకునేవారు. అలాంటి వాళ్ళ మధ్యలోకి వెళ్ళి, అంకె తేల్చి బేరం తెంపడంలో చుట్టుపక్కల పది ఊళ్ళలో యాదయ్యను మించినవాడు లేడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయాక దలాలుతో ఎవరికి పని? అందుకే ఈ నీలం యూనిఫాం. కానీ చేతులు పాతవే కదా. బేరం ఆగిపోయి ఉంటే ఆ చేతులకు దురద.

టిఫిన్ డబ్బాకు చుట్టిన తువ్వాల విప్పి భుజాన వేసుకుని, తలుపు తోసి లోపలికి వెళ్ళిపోయాడు.

“అమ్మా, తప్పుగ అనుకోకుండ్రి. అంకె నోటితోని చెప్పొద్దు, అంతేగద? చెయ్యితోని చెప్పుండ్రి.”

ఉమాశ్రీ ఉలిక్కిపడింది. ఆమెది గుంటూరు వైపు. “ఎవరండీ మీరు?”

“సెక్యూరిటీనమ్మా. అంతకుముందు దలాలును.”

ఇక చెప్పుకొచ్చాడు. సంతలో అమ్మేవాడి చెయ్యి, దలాలు చెయ్యి తువ్వాల కింద కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, గుప్పిట మొత్తం పట్టుకుంటే అయిదు. తర్వాత దలాలు కొనేవాడి దగ్గరికి పోయి అక్కడా తువ్వాల కప్పుతాడు. అటూ ఇటూ తిరిగి తిరిగి ఇద్దరినీ ఒక్క అంకె మీదికి తెస్తాడు. పక్కన నిలబడ్డవాడికి పిసరంతైనా తెలియదు. ఆ అంకె ముగ్గురి దగ్గరే ఉండిపోవాలి. దలాలు చచ్చినా చెప్పకూడదు. పెళ్ళాం అడిగినా చెప్పకూడదు.

ఉమాశ్రీ ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే పీటర్సన్ దొర కళ్ళు పెద్దవయ్యాయి. ముప్పై ఏళ్ళుగా బేరాలాడుతున్నాడట, ఇంత భద్రమైన పద్ధతి చూడలేదట. ఆయన వెనక పద్నాలుగు మందీ తలలూపారు. కానీ అంతలోనే ఒక లాయరు లేచి, తువ్వాల ఏ దేశం పత్తితో నేసిందో, ఆ పత్తికి సబ్సిడీ ఉందో లేదో తేలాలన్నాడు. మనవైపు లాయరూ లేచాడు. అరగంట గొడవ.

యాదయ్యకు విసుగొచ్చింది. “సార్, ఇది నా తువ్వాల. దీనికి ఏ సర్కారు రూపాయి ఇయ్యలే. నా పెండ్లాం ఉతుకుతది, గదొక్కటే దీనికి సాయం.”

‘కుటుంబ శ్రమ’ అని రాసుకుని రెండు వైపులా ఒప్పుకున్నారు. ఒక వేలంటే అయిదు శాతమని పైకే అనుకున్నారు. మనవాళ్ళది అమ్మేవాళ్ళ పక్షం, ఎందుకంటే అమ్ముతున్నది మన గుమ్మం కదా. వాళ్ళది కొనే పక్షం. యాదయ్య ఉమాశ్రీ దగ్గరికి వెళ్ళాడు గానీ, ఆడమనిషి చెయ్యి పట్టుకోవడానికి వెనకాడాడు.

“నా చెయ్యి అనుకోకండి, ప్రభుత్వం చెయ్యి అనుకోండి,” అందామె.

తువ్వాల రెండు చేతులనూ కప్పేసింది. మామిడికాయ తొక్కు వాసన గుప్పుమంది. ఇక చూడాలి యాదయ్యను! నడుం నిటారయ్యింది, మీసం పైకి లేచింది. అమ్మ చెయ్యి వదిలి దొర చెయ్యి, దొర చెయ్యి వదిలి అమ్మ చెయ్యి. నోటి వెంట సంత మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి.

“జర దిగుండ్రి అమ్మా, గంత బిగవడితె ఎట్ల? కొనేటోడు మల్ల దొరుకుతడా? దొరా, నువ్వు జర ఎక్కు. నడక చూసినవా, పండ్లు చూసినవా, ఇసొంటి సరుకు ఏడ దొరుకుతది నీకు?”

ఆమె ఒక వేలు దిగింది. ఆయన సగం వేలు ఎక్కాడు. ఆమె మరో వేలు దిగడానికి మొరాయించింది. యాదయ్య ఆ వేలిని తన రెండు వేళ్ళతో నెమ్మదిగా, దూడను పాకలోకి తోలినట్టు, మడతపెట్టాడు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ తువ్వాలకే తెలియాలి. పదకొండోసారి తిరిగేసరికి రెండు చేతులూ ఒక్క మాట చెప్పాయి. యాదయ్య తువ్వాల తీసి దులిపి, “తెగింది!” అని అరిచాడు. ముప్పై మంది లేచి చప్పట్లు కొట్టారు. పీటర్సన్ దొర ఆయన్ని కావలించుకున్నాడు.

చాయ్ పట్టుకుని మెట్ల దగ్గర కూర్చున్నాడు యాదయ్య. పదేళ్ళ తర్వాత బేరం తెంపాడు, గుండె నిండుగా ఉంది. హౌస్‌కీపింగ్ రజిత మాప్ కర్ర గోడకానించి పక్కన కూర్చుంది.

“కాకా, అదరగొట్టినవట గద! ఏం అమ్మిపిచ్చినవ్?”

“కందుల బేరం పిల్లా.”

“ఎవల కందులు?”

చాయ్ గొంతులోనే ఆగింది. దిగమన్నది ఎవరిని? మడతపెట్టిన వేలు ఎవరిది? ఆ వేలు మీదే కదా ఈరమ్మ రెండెకరాలు నిలబడి ఉంది! బేరం తెగాలన్న తహతహలో, ఎద్దు తన ఇంటిదే అన్న సంగతి మరిచిపోయాడు.

“కాకా, ఏమైంది? పొలమారిందా?”

“అన్నీ మారినయ్ బిడ్డా,” అన్నాడు.

సాయంత్రం ఈరమ్మ ఫోన్. టీవీలో చూసిందట, కందుల మీద ఒప్పందం కుదిరిందని. “ఎంతయ్యా?”

“చెప్పొద్దే.”

“ఎవలకు చెప్పొద్దు?”

“ఎవలకూ. బేరం నేనే తెంపిన.”

ఇక ఆ ఫోన్‌లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు. చివర్లో మాత్రం, “నలభై ఏండ్లు ఊరోళ్ళ ఎడ్లు అమ్మినవ్, ఇగ ఇంటిదాన్ని అమ్మినవ్,” అని పెట్టేసింది.

గురువారం నాటికి వ్యవహారం ఇంకా చెడింది. అంకె కుదిరిందని రెండు సర్కార్లూ ప్రకటించాయి, అంకె తువ్వాల కింద ఉందని కూడా ప్రకటించాయి. ఢిల్లీ వాళ్ళు ఫోన్ చేసి అడిగితే, ఆచారం ఒప్పుకోదని ఉమాశ్రీ చెప్పలేదు. దొర తన రాజధానికీ చెప్పలేదు. ఒప్పందం కాగితంలో అంకె ఉండాల్సిన చోట చిన్న గుడ్డముక్క అంటించారు. ఇక తెలిసినవాళ్ళలో అందుబాటులో ఉన్నది యాదయ్య ఒక్కడే. పప్పుల వ్యాపారులు గేటు దగ్గర దుర్భిణీలతో చేరారు. ఆయన క్యాంటీన్ వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించి చాయ్‌లు చెప్పాడో లేదో, సుంకం పది శాతమేనని పుకారు లేచి గంటలో కందిపప్పు ధర బోర్లాపడింది. చెవి వెనక ఒక్క వేలితో గోక్కుంటే ఇంకా కిందికి పోయింది. మధు పరుగున వచ్చాడు.

“యాదయ్యగారూ, మార్కెట్టు మీ చేతుల మీద నడుస్తోందండీ. దయచేసి గోక్కోకండి.” అని వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే మందపాటి చేతి తొడుగులు రెండు తెచ్చి ఆయనకు తొడిగాడు. అన్నం కూడా రజితే తినిపించింది.

శుక్రవారం సంతకాలు. పదిన్నరకు గేటు నుంచి కబురొచ్చింది, ఎవరో ఆమె వచ్చింది, యాదయ్య తన మొగుడట, పిలవకపోతే అడ్డకర్ర విరగ్గొడతానంటోందని. కిందికి వెళ్ళేసరికి ఈరమ్మ. పొద్దుటి బండి తాండూరులో ఎక్కి లింగంపల్లిలో దిగి, ఆటో మాట్లాడుకుని వచ్చింది.

“చేతులకేందయ్యా అవి?”

“అంకె కనపడకుంట.”

“నాకు సుత చెప్పవా?”

“దలాలు చెప్పొద్దే. ఒక్కసారి చెప్తె నలభై ఏండ్ల మాట పోతది.”

“ప్లాట్లోడు రెండు గంటలకు ఇంటికొస్తడు. ఇత్తాల్నా, సంతకం పెట్టాల్నా? అది చెప్పు పోనీ.”

యాదయ్య నోరు తెరిచాడు. ఇత్తమంటే అంకె మంచిదని చెప్పినట్టు, వద్దంటే చెడ్డదని చెప్పినట్టు. నోరు మూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులకు తొడుగులు.

ఈరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. కొంగుతో ఆమే ఆయన మొహం తుడిచింది. ఆ తుడవడంలోనే ఆమెకు ఏదో తట్టింది.

“ఔనయ్యా, నువ్వు సంతల బేరం తెంపుకొని వస్తె సరిపోతుండెనా? కొన్నోడు ఇంటికి రావాలె, ఇంటామె ఎద్దుకు బొట్టు పెట్టి పలుపు చేతికియ్యాలె. అప్పటిదాంక ఎద్దు కదులుతుండెనా?”

యాదయ్య తొడుగు చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. ఇంటి ముందు జరిగే ఆ పని ఆడవాళ్ళది. సంతలో తిరిగే దలాలు బుర్రలో దానికి ఎప్పుడూ చోటు లేదు. అందుకే తొమ్మిదో అంతస్తులో ఆచారమంతా చెప్పినవాడు అదొక్కటీ చెప్పలేదు.

“లిఫ్టు ఏడున్నది?” అంది ఈరమ్మ.

సంతకాలకు పెన్నులు తీసిన వేళకు ఆమె బల్ల దగ్గరికి చేరింది. ఫొటోల కోసం బల్ల మీద గాజు గిన్నెలో కందులు పోసి పెట్టారు.

“అమ్మా, సదువుకున్నదానివి. చేతులు కలిస్తె సంత అయితది గని అమ్ముడైతదా? ఇంటామె బొట్టు పెట్టకుంట పశువును తోల్కపోతరా ఎవలన్న?”

ఉమాశ్రీ యాదయ్య వైపు తిరిగింది. “ఇలా నియమం ఉందాండీ?”

“ఉన్నదమ్మా. మీరడగలే, నాకు యాదికి రాలే. ఆడోళ్ళ పని గద.”

“ఆడవాళ్ళ పనే గుర్తు రాదు మీకెవరికీ,” అంది ఉమాశ్రీ. అని దొరకు ఇంగ్లీషులో చెప్పింది. లాయర్లు మూలకు చేరి గుసగుసలాడారు. అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు. గంట తర్వాత తేలిందేమంటే, ఆచారాన్ని ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి. తువ్వాల ఒప్పుకుని బొట్టు కాదంటే అది స్త్రీల పట్ల వివక్ష కిందికి వస్తుంది. పీటర్సన్ దొర లేచి, తల వంచి, దయచేసి బొట్టు పెట్టమని ఈరమ్మను అడిగాడు. రజిత తన బ్యాగులోంచి కుంకుమ భరిణ తీసి ఇచ్చింది.

ఈరమ్మ వేలికి కుంకుమ అద్దుకుని బల్లంతా కలయజూసింది.

“దేనికి పెట్టాలె? పశువేది?”

గాజు గిన్నె చూపించారు. ఆమె ఒక కంది గింజ తీసి పంటికింద వేసి కొరికి చూసింది. “ఇవి నావి గావు. నావి ఇంకా మన్నుల పడలే. పడకుంట, మొలవకుంట, నేను దేనికి బొట్టు పెట్టాలె? కొనెటోడు నా కల్లంకాడికి రావాలె. సరుకు చూడాలె. నేను మంచినీళ్ళిస్త, తాగాలె. మనసైతె అప్పుడు పెడ్త. కాకుంటె నీళ్ళు తాగి పోతరు, లొల్లేముంది?”

“ఎప్పుడు రమ్మంటావమ్మా?” అంది ఉమాశ్రీ. ఎనిమిది రోజుల్లో ఆమె నవ్వడం యాదయ్య చూడటం అదే మొదలు.

“ఇప్పుడు ఇత్తితె పుష్యంల చేతికొస్తది.”

పుష్యం అంటే ఎప్పుడో దొరకు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అధికమాసం ఉందా లేదా అని ఒక లాయరు అడిగాడు. చివరికి రెండు సర్కార్లూ డైరీలు తీసి రాసుకున్నాయి: తదుపరి విడత చర్చలు, తాండూరు దగ్గర, ఈరమ్మగారి కల్లంలో. అప్పటిదాకా పాత సుంకమే, ఆమె బొట్టు పెట్టేదాకా కొత్త అంకె చెల్లదు.

ఇంతలో ఈరమ్మ ఫోన్ మోగింది. ప్లాట్ల కంపెనీ వాడు. అందరి ముందే ఎత్తింది.

“అన్నా, ఇయ్యాల సంతకం కుదరదు. ఎన్నడూ కుదరదనుకో. నేను కంది పెట్టాలె. నేను పెట్టకుంటె రెండు దేశాలు ఆగిపోయెటట్టున్నయ్… నిజమే అన్నా… నేనేం తాగలే!”

యాదయ్య సెలవడిగితే మధు మారుమాట లేకుండా ఇచ్చాడు. “వెళ్ళిరండి. మీరిక్కడే ఉంటే బిల్డింగు కూడా ఎవరికో ఒకరికి అమ్మించేస్తారు,” అన్నాడు.

లింగంపల్లిలో బండెక్కారు. యాదయ్యకు కిటికీ పక్క సీటు దొరికింది. తొడుగులు తీసేసిన చేతులకు గాలి తగిలి ప్రాణం లేచి వచ్చినట్టుంది. బండి ఊరు దాటాక ఆయన మనసులో ఒక ఆలోచన మొలిచింది. బొట్టు పడలేదు కాబట్టి బేరం బేరమే కాదు. బేరం కానప్పుడు అంకె దాచడం ఎందుకు? మూడు రోజులుగా మోస్తున్నాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి చెప్పేద్దామనుకున్నాడు. అటూ ఇటూ చూసి భార్య వైపు వంగాడు.

“ఈరమ్మా, అంకె చెప్త ఇను.”

“ఆగరాదయ్యా!” అంది ఈరమ్మ, ఆయన వైపు తిరగకుండానే. ఎదురు సీట్లో ఆమె వయసుదే ఇంకొకామె, ఒళ్ళో సంచి. ఇద్దరూ ఎక్కిన దగ్గర్నుంచీ మాటల్లోనే ఉన్నారు. “ఈ అక్కది శంకర్‌పల్లి. వీళ్ళకాడ ఎండుతెగులు తట్టుకునే కంది ఇత్తనం ఉన్నదట. పోయినేడు చేను చేనంత పచ్చగనే నిలవడ్డదట. దిగుదామా?”

“దిగితె మల్ల తాండూరు బండి ఎప్పుడో ఏమో.”

“ఎప్పుడైతేంది? రేపు పొద్దుగాల ట్రాక్టరు వచ్చేటాళ్ళకు ఇత్తనం చేతుల ఉండాలె గద.”

బండి నెమ్మదించింది. ఈరమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని, శంకర్‌పల్లి ఆమె సంచి ఒక చేత్తో, తన సంచి ఒక చేత్తో పట్టుకుని తలుపు వైపు నడుస్తూ, సాలుకు సాలుకు ఎంత ఎడం పెడుతున్నారని ఆమెను అడుగుతోంది.